ఏ ఓట్స్ కొనాలి, ఎలా వండాలి?

షుగర్ రిపోర్ట్ చూసి డాక్టర్ "ఓట్స్ తినండి" అంటారు. ఏ ఓట్స్ అన్నది చాలాసార్లు చెప్పరు. షాపుకెళ్తే స్టీల్ కట్, రోల్డ్, క్విక్, ఇన్‌స్టంట్, మసాలా అని వరసగా ప్యాకెట్లు. ఇవన్నీ వేర్వేరు ధాన్యాలు అనుకునేవాళ్లూ ఉన్నారు. కాదు, అన్నీ ఒకే గింజ. మిల్లులో దాన్ని ఎంత కోశారు, ఎంత పల్చగా నొక్కారు, ముందే ఎంత ఉడికించారు అన్నదే తేడా. వంట టైమ్ మారేది దానివల్లే. తిన్నాక రక్తంలో షుగర్ పెరిగే వేగం మారేదీ దానివల్లే.

పేరు దగ్గర ఇంకో గందరగోళం ఉంది. ఉర్దూలో ఓట్స్‌ని జై అంటారు. జౌ అంటే బార్లీ, అంటే మన యవలు. తల్బీనా చేసేది జౌ పిండితో. ఓట్స్‌తో అలాంటి పాయసం చేసుకోవచ్చు, రుచిగానే ఉంటుంది, కానీ అది తల్బీనా కాదు.

పొట్టు తీసిన గింజని స్టీల్ బ్లేడ్లతో రెండు మూడు ముక్కలుగా కోస్తే స్టీల్ కట్ ఓట్స్. చూడ్డానికి లావు గోధుమ రవ్వలా ఉంటుంది. గింజకి ఆవిరి పట్టి రోలర్ల మధ్య నొక్కితే రోల్డ్ ఓట్స్, అంటే అటుకుల లాంటివన్నమాట. ముందు కోసి ఆ ముక్కల్ని ఇంకా పల్చగా నొక్కితే క్విక్. దాదాపు ఉడికించేసి ఆరబెట్టినవి ఇన్‌స్టంట్, వేడినీళ్లు పోస్తే చాలు. కొన్ని ప్యాకెట్ల మీద ఉత్త "ఓట్స్" అనే ఉంటుంది. అప్పుడు వెనక రాసిన వంట టైమ్ చూడండి. రెండు మూడు నిమిషాలని ఉంటే అవి క్విక్.

ఓట్స్‌కి పేరు తెచ్చింది బీటా గ్లూకాన్ అనే పీచు. నీళ్లలో జిగురుగా మారి జీర్ణాన్ని నెమ్మది చేస్తుంది, కొలెస్ట్రాల్ తగ్గడానికి సాయపడుతుంది. రోజుకి 3 గ్రాముల బీటా గ్లూకాన్ గుండెకి మేలని ప్యాకెట్ల మీద రాసుకోవడానికి అమెరికా ఎఫ్‌డీఏ 1997లో అనుమతిచ్చింది. అంత రావాలంటే సుమారు 75 గ్రాముల ఓట్స్ కావాలి. అయితే షుగర్ ఉన్నవాళ్లు గ్లైసీమిక్ ఇండెక్స్ కూడా చూసుకోవాలి. స్టీల్ కట్, మందపాటి రోల్డ్ ఓట్స్‌కి అది 55 దగ్గర ఉంటే, ఇన్‌స్టంట్‌కి 75 దాకా వెళ్తుంది. ఇంకో మాట, ఓట్స్‌లోనూ సగానికి పైగా పిండిపదార్థమే. రెండు ఇడ్లీల బదులు తింటే లెక్క. ఇడ్లీలు తిని పైన ఓట్స్ తాగితే షుగర్ పెరగక ఏమవుతుంది?

స్టీల్ కట్ వండటానికి ఓపిక కావాలి. కప్పుకి మూడున్నర, నాలుగు కప్పుల నీళ్లు పోసి సన్నని మంట మీద 25 నుంచి 30 నిమిషాలు ఉడికించాలి. రాత్రి నానబెడితే టైమ్ తగ్గుతుంది. కుక్కర్‌లో పెడితే సగానికి మించి నింపొద్దు, నురగ పొంగి విజిల్ దగ్గర అడ్డుపడుతుంది. పెసరపప్పు, క్యారెట్, అల్లం వేసి ఖిచిడీ చేస్తే స్టీల్ కట్ దానికి బాగా కుదురుతుంది. హలీంలో గోధుమల బదులు వేసేవాళ్లూ ఉన్నారు. ఓట్స్‌లో గోధుమలోని గ్లూటెన్ లేదు కాబట్టి ఆ సాగుడు రాదు. నా వరకు అది మాంసం వేసిన జావే!

రోల్డ్ ఓట్స్‌ని జావలా తినాలంటే కప్పుకి రెండు కప్పుల నీళ్లు, ఐదు నుంచి పది నిమిషాలు. ఉప్మాకి మాత్రం ముందు నూనె లేకుండా కమ్మటి వాసన వచ్చేదాకా వేయించండి. పోపు, ఉల్లిపాయ మగ్గాక కప్పుకి ముప్పావు కప్పు నీళ్లు చాలు. ఎక్కువ పోస్తే ముద్దవుతుంది. పిల్లలు ఓట్స్ అంటే మొహం తిప్పుకునేది ఎక్కువగా ఆ ముద్దని చూసే. క్విక్ ఓట్స్‌ని మిక్సీ పట్టి బియ్యప్పిండి, రవ్వ, మజ్జిగ కలిపి దోసె పోసుకోవచ్చు.

మసాలా ఓట్స్ సంగతి లేబులే చెబుతుంది. ఓట్స్ ఎంత శాతమో, ఉప్పు, చక్కెర ఏమేం కలిపారో రాసుంటుంది. 100 గ్రాములకి సోడియం ఎంతో కూడా చూడండి. పెద్దవాళ్లకి రోజు మొత్తానికి 2000 మిల్లీగ్రాముల లోపే ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ సలహా. బీపీ ఉన్న ఇంట్లో ఇది చిన్న విషయం కాదు. ధర కూడా లెక్కేసుకోండి. 40 గ్రాముల ప్యాకెట్ 20 రూపాయలైతే కిలో 500 పడినట్టు. సాదా ఓట్స్ పెద్ద ప్యాకెట్ కొని ఇంట్లో ఉన్న మసాలానే వేసుకుంటే ఉప్పు మన చేతిలో ఉంటుంది.

గోధుమ పడని సీలియాక్ రోగులు "గ్లూటెన్ ఫ్రీ" అని రాసినవే కొనాలి, మామూలు ఓట్స్‌లో పొలంలోనో మిల్లులోనో గోధుమ కలుస్తుంది. ఓట్స్‌లో కొవ్వు కాస్త ఎక్కువ కాబట్టి విప్పిన ప్యాకెట్‌ని గాలి చొరని డబ్బాలో పోసి పెట్టండి. చేదు వాసన వస్తే పారేయండి.