ఖజానా ఖాళీ అన్నప్పుడల్లా: షికాగో టీచర్ల బేరసారాల చరిత్ర

జీతం పెంచమని అడిగిన ఉద్యోగికి ఏ ఊళ్లోనైనా మొదట వినిపించే జవాబు ఒకటే: డబ్బుల్లేవు. షికాగో బడి పంతులమ్మలకు ఆ జవాబు పందొమ్మిదో శతాబ్దం చివర్లో వచ్చింది. వాళ్లు దాన్ని నమ్మి ఇంటికి పోలేదు, లెక్కల పుస్తకాలు తిరగేయడానికి బయల్దేరారు. ఆ నగరంలో టీచర్ల బేరసారాలకు అసలు పునాది అక్కడే పడిందని నేననుకుంటాను. సమ్మెలు ఆ తర్వాత వచ్చాయి, ఒప్పంద పత్రాలు ఇంకా తర్వాత.

1897 మార్చిలో ప్రాథమిక పాఠశాలల టీచర్లు షికాగో టీచర్స్ ఫెడరేషన్ పెట్టుకున్నారు. దాదాపు అందరూ ఆడవాళ్లే. అంతకు రెండేళ్ల కిందట వచ్చిన పింఛను చట్టాన్ని కాపాడుకోవడం తక్షణావసరం. రెండు దశాబ్దాలుగా ఎదుగూ బొదుగూ లేని జీతాన్ని కదిలించడం అసలు కోరిక. స్కూలు బోర్డు కొంత దిగివచ్చి మెట్లు మెట్లుగా పెంచుతానని మాటిచ్చింది. తొలి మెట్టు ఎక్కించాక నిధులు చాలవంటూ వెనక్కి తీసుకుంది. ఆ బోర్డును నియమించేది మేయరు. మేయరును ఎన్నుకునే ఓటు ఈ ఆడవాళ్లకు లేదు. అది వాళ్లకు 1913లో గానీ రాలేదు. ఎవరిని నిలదీయాలన్నా చేతిలో ఏమీ లేని స్థితి.

మార్గరెట్ హేలీ కబేళాల పేటలో ఆరో తరగతికి చెప్పే టీచరు. 1900లో బడి పని పక్కనపెట్టి, సంఘంలో తోటి నాయకురాలు కేథరీన్ గాగిన్‌తో కలిసి పన్నుల రికార్డుల్లోకి దిగింది. గ్యాసు, కరెంటు, టెలిఫోను, ట్రాము కంపెనీలు నగర వీధుల్ని వాడుకోవడానికి పొందిన హక్కులకు కోట్ల విలువ ఉంది. ఆ విలువను అధికారులు లెక్కే కట్టలేదు కాబట్టి దాని మీద పన్నూ లేదు. బళ్లకు రావాల్సిన సొమ్ము అక్కడ ఆగిపోతోంది. టీచర్లు కోర్టుకెక్కారు. 1901 అక్టోబరులో ఇల్లినాయ్ సుప్రీంకోర్టు వాళ్ల పక్షాన తీర్పు చెప్పింది. కంపెనీలు ఫెడరల్ కోర్టుకు పోయి పన్నును కొంత తగ్గించుకున్నా, స్కూలు బోర్డు వాటాకు దాదాపు రెండున్నర లక్షల డాలర్లు వచ్చిపడ్డాయి. ఆ డబ్బును బోర్డు ఏం చేసింది? భవనాల మరమ్మతులకూ బొగ్గు బిల్లులకూ కేటాయించింది! టీచర్లు మళ్లీ కోర్టుకు. 1904లో జడ్జి ఎడ్వర్డ్ డన్ ఆ సొమ్ము జీతాలకే చెందాలన్నాడు. మరుసటేడు ఆయనే నగర మేయరయ్యాడు.

ఈ లోపల, 1902లో, ఫెడరేషన్ నగర కార్మిక సమాఖ్యలో చేరింది. చదువుకున్న మర్యాదస్తురాళ్లు కసాయివాళ్లతో, బండ్లు తోలేవాళ్లతో ఒకే గొడుగు కింద నిలవడమేమిటని పత్రికలు ముక్కున వేలేసుకున్నాయి. ఓటు లేనివాళ్లు ఓటున్నవాళ్ల అండ వెతుక్కోవడంలో వింతేమీ లేదు. కానీ బోర్డు దీన్ని మరిచిపోలేదు. 1915లో బోర్డు సభ్యుడు జేకబ్ లోబ్ నాయకత్వంలో టీచర్లు కార్మిక సంఘాల్లో ఉండరాదని నిబంధన చేసింది. 1916 ఏప్రిల్‌లో షికాగోలోనే అమెరికన్ ఫెడరేషన్ ఆఫ్ టీచర్స్ పుట్టి, షికాగో సంఘం దానిలో ఒకటో నంబరు శాఖగా చేరింది. మూడు నెలలు తిరక్కుండానే 68 మంది టీచర్లకు మళ్లీ నియామకం లేదని బోర్డు తేల్చింది; అందులో 38 మంది ఫెడరేషన్ వాళ్లు. ఎవరిని ఉంచుకోవాలో, ఎవరిని వద్దనుకోవాలో బోర్డు ఇష్టమని 1917లో రాష్ట్ర సుప్రీంకోర్టు చెప్పేసింది. హేలీ కార్మిక సమాఖ్య నుంచీ, జాతీయ సంఘం నుంచీ తప్పుకోవాల్సి వచ్చింది. అదే ఏడు వచ్చిన ఒటిస్ చట్టం టీచర్లకు ఉద్యోగ భద్రత ఇచ్చింది. సంఘాన్ని బలిపెట్టి ఉద్యోగాల్ని దక్కించుకున్న బేరమది. దాన్ని ఓటమి అనే చాలామంది రాశారు గానీ, ఏటేటా కొలువు ఉంటుందో ఊడుతుందో తెలియని మనిషి అలా అనదు.

తర్వాతి గండం మహామాంద్యం. పన్నుల మదింపు గందరగోళమై, ఆస్తిపరులు పన్ను కట్టడం మానేసి, బోర్డు చేతులెత్తేసింది. జీతాలు నెలల తరబడి ఆగాయి. ఇచ్చినప్పుడు కూడా నగదుకు బదులు కాగితాలు; వాటిని దుకాణాల్లో తక్కువ విలువకు మార్చుకోవాలి. 1933 ఏప్రిల్‌లో వేలాదిమంది టీచర్లు నగరం నడిబొడ్డున బ్యాంకుల మీదికి వెళ్లారు. బోర్డుకు అప్పివ్వని బ్యాంకులే తమ జీతాలు ఆపాయన్నది వాళ్ల వాదన. అమెరికా మాజీ ఉపాధ్యక్షుడు చార్లెస్ డాజ్ నడిపే బ్యాంకు కూడా అందులో ఉంది. బల్లలు తిరగబడ్డాయి, గోడల మీద సిరా పడింది. ముందు నడిచింది జాన్ ఫ్యూక్స్ అనే వ్యాయామ ఉపాధ్యాయుడు. ఆ వేసవిలోనే బోర్డు జూనియర్ హైస్కూళ్లను ఎత్తేసి, వెయ్యిమందికి పైగా టీచర్లను తీసేసింది. బకాయిలు చివరికి 1934లో కేంద్ర ప్రభుత్వ సంస్థ ఇచ్చిన అప్పుతో తీరాయి. వీధిలో కలిసి నడిచిన చిన్నా పెద్దా సంఘాలు 1937లో షికాగో టీచర్స్ యూనియన్‌గా ఏకమయ్యాయి. ఫ్యూక్స్ మొదటి అధ్యక్షుడు. హేలీ ఫెడరేషన్ మాత్రం అందులో కలవలేదు.

అప్పటికీ చట్టబద్ధమైన బేరం లేదు. యూనియన్ మహజరు ఇస్తుంది, బోర్డు వింటుంది, తనకు తోచినంత ఇస్తుంది. న్యూయార్క్ టీచర్లు 1960లోనూ 1962లోనూ సమ్మె కట్టి ఒప్పందం సాధించుకున్నాక షికాగోలోనూ గాలి మారింది. 1966లో ఎన్నిక జరిగి యూనియన్ ఏకైక ప్రతినిధిగా గుర్తింపు పొందింది. మరుసటేడు తొలి ఒప్పందం కుదిరింది. తెలుగు పాఠకులు ఇక్కడ ఒక తేడా గమనించాలి. మన దగ్గర పీఆర్సీ నివేదిక ఇస్తుంది, సంఘాలు చర్చలకు వెళతాయి, ఫిట్‌మెంట్ శాతం ముఖ్యమంత్రి నోటి నుంచి వస్తుంది, జీవో వెలువడుతుంది. అక్కడ రెండు పక్షాలూ సంతకం చేయాలి, ఆపైన సభ్యులంతా ఓటేసి ఆమోదించాలి. జీవోను ప్రభుత్వం మార్చుకోగలదు. ఒప్పందాన్ని గడువులోపల ఒక్క పక్షమే మార్చడం అంత తేలిక కాదు. ఆ తేడా కోసమే అన్నేళ్ల పెనుగులాట.

1969 నుంచి 1987 దాకా తొమ్మిది సమ్మెలు. వాటన్నిటినీ ఏకరువు పెట్టనక్కర్లేదు. కానీ మొదటిదాని గురించి ఒక మాట చెప్పుకోవాలి. నల్లజాతి టీచర్లలో చాలామంది అప్పటికి ఏళ్ల తరబడి పూర్తికాలం పనిచేస్తూ కూడా ‘సబ్‌స్టిట్యూట్’ హోదాలోనే ఉండిపోయారు. మౌఖిక పరీక్ష అనే జల్లెడ వాళ్లను పర్మనెంటు కానివ్వలేదు. యూనియన్ కూడా వాళ్ల మొర పెద్దగా పట్టించుకోలేదు. అందుకే 1969లో వారిలో చాలామంది సమ్మెను కాదని బడికి వెళ్లారు. యూనియన్ ఈ పాఠం నేర్చుకోవడానికి పదిహేనేళ్లు పట్టింది. 1984లో జాక్వెలిన్ వాన్ అధ్యక్షురాలైంది. ఆ పదవిలోకి వచ్చిన తొలి మహిళ, తొలి నల్లజాతి వ్యక్తి ఆమే. సమ్మె హక్కుకు గుర్తింపు ఇచ్చిన ఇల్లినాయ్ చట్టం అమల్లోకి వచ్చింది కూడా సరిగ్గా ఆ ఏడే. 1987లో ఆమె నడిపిన సమ్మె 19 బడిరోజులు సాగింది.

ఈ దశాబ్దాల్లో జరిగిన అన్నిటికన్నా ముఖ్యమైన సంగతి ఒక సమ్మె కాదు, ఒక సర్దుబాటు. 1979 డిసెంబరులో బోర్డు జీతాలివ్వలేక చతికిలపడింది. అప్పులిచ్చినవాళ్ల మాటే చెల్లుబాటయ్యే కాలమది. 1981లో పెంపు ఇవ్వలేని బోర్డు ఒక మార్గం కనిపెట్టింది: టీచరు జీతం నుంచి పింఛనుకు కట్టాల్సిన వాటాలో, జీతంలో 7 శాతానికి సమానమైన మొత్తాన్ని తానే కడతానంది. జీతం అంకె మారదు, చేతికొచ్చేది పెరుగుతుంది. దీన్ని అక్కడ ‘పికప్’ అంటారు. పెంపు బదులు తీసుకున్నది గనుక అది జీతమేనని టీచర్ల లెక్క. ఏళ్లు గడిచి, ఆ గదిలో కూర్చున్నవాళ్లు రిటైరయ్యాక, కొత్త అధికారులకు అది ‘అదనపు సౌకర్యం’గా కనిపించసాగింది. జీతం రూపంలో రాని జీతానికి ఎప్పుడూ ఈ ముప్పు ఉంటుంది.

1995లో రాష్ట్ర శాసనసభ బళ్లను పూర్తిగా మేయర్ రిచర్డ్ డేలీ చేతికిచ్చింది. దాంతోపాటు ఒక చట్ట సవరణ వచ్చింది. తరగతిలో ఎంతమంది పిల్లలుండాలి, పనుల్ని బయటి సంస్థలకు ఇవ్వొచ్చా లాంటి విషయాల మీద బేరమే కూడదంది. ఇది షికాగోకు మాత్రమే. ఎనిమిదేళ్ల తర్వాత కొంత సడలించినా, బోర్డు ఇష్టపడితేనే ఆ విషయాలు చర్చకు వచ్చేవి. జీతం గురించి అడగండి, బడి గురించి అడగొద్దు అని చెప్పడమే ఇది. తర్వాత జనంలో ‘టీచర్లకు డబ్బు తప్ప ఇంకేం పట్టదు’ అన్న మాట పుడితే అందులో ఈ చట్టం వాటా ఎంతో ఎవరూ అడగలేదు.

2010లో కారెన్ లూయిస్ అనే కెమిస్ట్రీ టీచరు యూనియన్ అధ్యక్షురాలిగా గెలిచింది. ఆమె జట్టు బళ్ల మూసివేతలకు వ్యతిరేకంగా తల్లిదండ్రులతో కలిసి తిరిగి వచ్చిన జట్టు. మరుసటేడు రామ్ ఇమాన్యుయేల్ మేయరవగానే, ఒప్పందంలో ఉన్న 4 శాతం పెంపును డబ్బుల్లేవని రద్దు చేయించాడు. అదే ఏడు రాష్ట్రం కొత్త చట్టం తెచ్చింది: షికాగోలో సమ్మెకు పోలైన ఓట్లలో మెజారిటీ చాలదు, మొత్తం సభ్యుల్లో 75 శాతం ఒప్పుకోవాలి. ఓటెయ్యని మనిషి ‘వద్దు’ అన్నట్టే లెక్క. ఈ గీత దాటడం అసాధ్యమని చట్టం వెనకున్నవాళ్లు ధీమాగా ఉన్నారు. 2012 జూన్‌లో మొత్తం సభ్యుల్లో దాదాపు 90 శాతం సమ్మెకు ఔనన్నారు.

సెప్టెంబరు 10న సుమారు 26 వేలమంది ఎర్ర చొక్కాలతో వీధుల్లోకి వచ్చారు. పిల్లల పరీక్షల మార్కులతో టీచర్ల పనితీరును కొలవడం, మార్కుల్ని బట్టి జీతం, పొడిగించిన బడి సమయం, బళ్లు మూసినప్పుడు ఉద్యోగం పోయినవాళ్ల సంగతి, ఇవీ అసలు తగువులు. ఆదివారం నాటికి ముసాయిదా తయారైంది. మేయరు సోమవారం బళ్లు తెరుచుకుంటాయనుకున్నాడు. అయితే యూనియన్ ప్రతినిధుల సభ, మేం చదవకుండా సంతకం చేయం అంది. సోమవారమంతా టీచర్లు బడి గేట్ల ముందు గుంపులుగా కూర్చుని ఒప్పందం కాగితాలు ఒక్కో పేజీ చదువుకున్నారు. మేయరు కోర్టుకు పరుగెత్తాడు. ఈలోగా మంగళవారం ప్రతినిధులు సమ్మె విరమించారు. వచ్చిన పెంపు మొదటి ఏడు 3 శాతం, తర్వాత రెండేళ్లూ 2 శాతం చొప్పున. పెద్ద అంకెలేం కావు. మార్కులకు ముడిపెట్టిన జీతం మాత్రం ఆగింది. కానీ మరుసటేడే నగరం దాదాపు 50 బళ్లు మూసేసింది, ఎక్కువగా నల్లజాతి పేటల్లో. ఒప్పందంలో ఎంత రాసుకున్నా బడే లేకుండాపోతే ఏం చేయాలన్నదానికి 2012 పత్రంలో జవాబు లేదు.

2016లో పికప్ మళ్లీ తెరమీదికి వచ్చింది. దాన్ని ఎత్తేస్తామని బోర్డు అంటే, అది 7 శాతం జీతం కోతేనని యూనియన్ అంది. అక్టోబరులో అర్ధరాత్రి గడువుకు కొద్ది నిమిషాల ముందు రాజీ కుదిరింది: ఉన్నవాళ్లకు పికప్ కొనసాగుతుంది, 2017 జనవరి 1 నుంచి చేరేవాళ్లకు ఉండదు, బదులుగా మూల వేతనం పెంచుతారు. 2004 సెప్టెంబరు 1 అనే గీతకు అటూ ఇటూ చీలిన మన సీపీఎస్ ఉద్యోగులకు ఇలాంటి తేదీల సంగతి ఒకరు చెప్పక్కర్లేదు. ఆ రాజీకి డబ్బెక్కడిదంటే, నగరాభివృద్ధి పేరుతో ఆస్తి పన్నులోంచి విడిగా దాచే నిధుల్లో మిగులు 8.8 కోట్ల డాలర్లు. ఆ నిధుల్లో మిగులుందని యూనియన్ అప్పటికి ఎన్నాళ్లుగానో మొత్తుకుంటోంది.

2019లో మేయర్ లోరీ లైట్‌ఫుట్ ఐదేళ్లకు 16 శాతం పెంపు ముందే ఇస్తానంది. అయినా అక్టోబరు 17న సమ్మె మొదలైంది, 11 బడిరోజులు నడిచింది. టీచర్లు అడిగింది ప్రతి బడికీ ఒక నర్సు, ఒక సోషల్ వర్కరు, కిక్కిరిసిన తరగతులకు పరిష్కారం. ఇవి ఒప్పందంలో రాసే విషయాలు కావని, నేను ఎలాగూ చేస్తానని మేయరు వాదన. రాసి ఇవ్వమని టీచర్లు. చివరికి రాసి ఇచ్చారు, తరగతుల కోసం ఏటా 3.5 కోట్ల డాలర్లతో సహా. 1995 నాటి ఆంక్షలు 2021లో రద్దయ్యాయి.

2023లో విచిత్రం జరిగింది. ఆ యూనియన్‌లోనే జీతం తీసుకుంటూ పనిచేసిన మాజీ టీచరు బ్రాండన్ జాన్సన్ మేయరయ్యాడు. ఇక బేరమేముంది, ఇచ్చేవాళ్లూ పుచ్చుకునేవాళ్లూ ఒకటే కదా అన్నారు విమర్శకులు. అలా జరగలేదు. కొత్త ఒప్పందం ఖర్చుకూ, బళ్లలోని బోధనేతర సిబ్బంది పింఛను వాటాకూ కలిపి 30 కోట్ల డాలర్ల స్వల్పకాలిక అప్పు చేయమంటే పాఠశాలల అధిపతి పెడ్రో మార్టినెజ్ ఒప్పుకోలేదు. 2024 అక్టోబరులో బోర్డు సభ్యులంతా మూకుమ్మడిగా రాజీనామా చేశారు. మేయరు నియమించిన కొత్త బోర్డు డిసెంబరులో మార్టినెజ్‌ను తొలగించింది. 2025 ఏప్రిల్‌లో నాలుగేళ్ల ఒప్పందాన్ని ఓటేసిన సభ్యుల్లో 97 శాతం మంది ఆమోదించారు. మొదటి ఏడు 4 శాతం, ఆపైన 4 నుంచి 5 శాతం పెంపు, చిన్న తరగతులు, మరిన్ని గ్రంథాలయాలు. పదేళ్లకు పైగా కాలంలో సమ్మె గానీ, కనీసం సమ్మె ఓటు గానీ లేకుండా కుదిరిన ఒప్పందం ఇదే. బోధనేతర సిబ్బంది పింఛను వాటా 17.5 కోట్ల డాలర్లను నగరం కట్టాలా, బోర్డు కట్టాలా అన్న తగువు మాత్రం సంతకాలయ్యాక కూడా బడ్జెట్ సమావేశాల్లో నలుగుతూనే వచ్చింది.