విమానాల మోడల్ సంఖ్యలు
ప్రయాణికుల విమానం పేరులోని అంకెలు ఒక్కో కంపెనీకి ఒక్కో పద్ధతిలో ఉంటాయి. పెద్దాపురం వాళ్లకు దగ్గరి విమానాశ్రయం మధురపూడి (రాజమహేంద్రవరం). అక్కడ ఏళ్లుగా దిగుతున్న ప్రొపెల్లర్ విమానం ఏటీఆర్ 72-600. ఇందులో 72 సుమారు సీట్ల లెక్క. ఇండిగో సంస్థ 78 సీట్లు వేయించుకుంది. 600 అనేది అమ్మకానికి పెట్టిన పేరే. ధ్రువపత్రంలో అది 72-212ఏ, విచిత్రంగా పాత 72-500 పేరు కూడా అదే!

ఎయిర్‌బస్ అంకెల్లో ఇంజను గుట్టు ఉంటుంది. ఏ320-271ఎన్‌లో 2 సిరీస్, 7 ప్రాట్ అండ్ విట్నీ ఇంజను, 1 దాని రకం, ఎన్ అంటే నియో (కొత్త ఇంజను రకం). 7 బదులు 5 ఉంటే సీఎఫ్ఎం ఇంజను.

బోయింగ్ ఒకప్పుడు కొన్నవారి గుర్తునూ కలిపేది. ఎయిరిండియా గుర్తు 37. అందుకే దాని 747-400 విమానాలు 747-437 అయ్యాయి.