ఒక యజమాని, పలు బోర్డులు

ఏ పెద్ద ఊరి బజారులోనైనా ఒక అంగడి మీద టైటాన్ అని, ఇంకొక అంగడి మీద తనిష్క్ అని, వేరొకదాని మీద ఫాస్ట్‌ట్రాక్ అని రాసి ఉంటుంది. వజ్రాల నగలకు క్యారట్‌లేన్, పట్టుచీరలకు తనైరా. చూసేవారికి ఇవన్నీ వేరువేరు వ్యాపారుల అంగళ్ళే. కాని వీటన్నింటి వెనుకా ఉన్నది ఒకే కంపెనీ. అది పుట్టింది మరెక్కడో కాదు, తమిళం, కన్నడం, తెలుగు మూడూ వినిపించే మన హోసూరులోనే. కనుక ఒక యజమానికి ఇన్ని పేర్లు ఎందుకు అన్న ప్రశ్నకు జవాబు కోసం మనం దూరం పోనక్కరలేదు.

1984లో టాటా వారు, తమిళనాడు ప్రభుత్వపు పారిశ్రామికాభివృద్ధి సంస్థ టిడ్కో కలిసి ఈ కంపెనీని స్థాపించారు. టాటా ఇండస్ట్రీస్‌లోని మొదటి అక్షరాలూ, తమిళనాడులోని మొదటి అక్షరాలూ కలిపితే టైటాన్ అయింది. హోసూరు అప్పట్లో ధర్మపురి జిల్లాలో ఉండేది. కృష్ణగిరి జిల్లా ఏర్పడింది 2004లోనే. ఆనాడు చేతి గడియారం అంటే బెంగళూరు హెచ్.ఎం.టి.దే రాజ్యం. రోజూ కీ ఇచ్చే ఆ గడియారాల నడుమకు టైటాన్ క్వార్ట్జ్ గడియారాలతో వచ్చింది. పెళ్ళికొడుక్కి పెట్టదగిన వాచీ అనిపించుకుంది.

చిక్కు అక్కడే మొదలయింది. బడిపిల్లవాడికీ, పొలం పనికి పోయేవాడికీ చవక గడియారం కావాలి. కొంతకాలం ఆ చవక గడియారాలను అమెరికా టైమెక్స్ కంపెనీ పొత్తులో, టైమెక్స్ పేరు మీదనే అమ్మారు. 1990ల చివర ఆ పొత్తు విడిపోయేసరికి చవక సరుకుకు పేరు లేకుండా పోయింది. అప్పుడు వచ్చినది సొనాటా. మొదట టైటాన్ పేరును తోడు తెచ్చుకున్న సొనాటా, తరవాత దాన్ని వదిలి టాటా పేరు చాటున నిలబడింది. కారణం ఊహించడం కష్టం కాదు. అల్లుడి చేతికి పెట్టిన వాచీ మీద ఉన్న పేరే పాలేరు కొనుక్కున్న వాచీ మీదా ఉంటే అత్తవారికి చిన్నతనం. ఇది న్యాయమైన ఆలోచన అని నేను అనను, కాని వ్యాపారి లెక్క వేసేది మనలోని ఈ బలహీనతనే.

ఇది మన దేశానికే చెల్లిన బుద్ధీ కాదు. 1969లో శాన్‌ఫ్రాన్సిస్కోలో మొదలైన గ్యాప్ అనే బట్టల కంపెనీ చవక బట్టలకు గ్యాప్ వేర్‌హౌస్ అని పేరు పెట్టి చూసింది. అసలు పేరు పలచబడుతుందని కాబోలు, 1994లో ఆ అంగళ్ళకు ఓల్డ్ నేవీ అని కొత్త పేరు పెట్టింది.

ఇక బంగారం సంగతి. 1990ల నడుమ టైటాన్ నగల వ్యాపారంలోకి దిగింది. తాళిబొట్టు కొనడానికి గడియారాల అంగడికి ఎవరు పోతారు? కంపెనీ తొలి అధిపతి జెర్క్‌సెస్ దేశాయి తనిష్క్ అన్న పేరును కల్పించారు. సంస్కృతంలో నిష్కమంటే బంగారు నాణెం, ఆభరణం. ఏ ఒక్క ప్రాంతపు భాషకూ చెందని పేరు కావడం వల్ల అది అన్ని భాషల వారి నోటా ఒకేలా పలికింది. పేరు బాగుంది గాని సరుకు నడవలేదు. పద్దెనిమిది క్యారట్ల నగలు, పడమటి దేశాల నమూనాలు. ఇరవై రెండు క్యారట్లకు అలవాటు పడిన మన ఆడవారు వాటిని చూసి, మెచ్చుకొని, కొనకుండా వచ్చేశారు.

తనిష్క్‌ను నిలబెట్టినవాటిలో ముఖ్యమైనది క్యారట్‌మీటరు. 1999లో అంగళ్ళలో పెట్టిన ఆ యంత్రం నగను కరిగించకుండానే అందులో మేలిమి ఎంతో చెప్పేది. తరతరాల నమ్మకంతో చేయించుకున్న నగలు ఇరవై రెండు క్యారట్లు లేవని తేలి ఎందరో నివ్వెరపోయారు. ఇందులో కంసాలులందరినీ దొంగలనడం తగదు. అతుకుల్లో వేసే టంకం వల్ల కూడా వన్నె తగ్గుతుంది. అయితే ఆ తేడాకూ తరుగుకూ డబ్బు కట్టింది కొన్నవారే. తరుగునే తమిళంలో సేదారం అంటారు, మనవారిలో చాలామంది నోట అదే మాట.

2000ల నడుమ మరొక పేరు వచ్చింది, గోల్డ్‌ప్లస్. చిన్న పట్టణాలవారికి తనిష్క్ అంటే ధనవంతుల అంగడి అన్న జంకు. వారి కోసం పెళ్ళి నగలతో వేరే బోర్డు కట్టారు. ఓ పదేళ్ళకు ఆ అంగళ్ళను తనిష్క్‌లోనే కలిపేశారు. రెండు పేర్లంటే రెండు ప్రకటనలు, రెండు రకాల సరుకు నిలవలు. జంకు తగ్గాక ఆ ఖర్చు దండగ అనుకుని ఉంటారని నా ఊహ. పేరు పెట్టడానికే కాదు, తీసెయ్యడానికీ లెక్క ఉంటుంది.

క్యారట్‌లేన్ మాత్రం వీరు పెట్టిన పేరు కాదు. 2008లో చెన్నైలో వేరేవారు మొదలుపెట్టిన కంపెనీ అది. 2016లో టైటాన్ అందులో పెద్ద వాటా కొన్నది. మిగిలినదానిలో చాలా భాగం 2023లో చేజిక్కించుకుంది. బోర్డు మార్చలేదు. మార్చితే కొన్న విలువలో సగం పోయినట్టే. ఒకచోట ధర నచ్చక రెండోచోటికి నడిచినవారు మాత్రం వేరే షావుకారు దగ్గరకు పోయామనే అనుకుంటారు. కంపెనీ ఈ సంగతి దాచలేదు, మనమే బోర్డు దాటి చదవం.

బంగారం వరకు ఇప్పుడు చదవవలసినది బోర్డు కాదు, నగ. 2021 జూన్ నుంచి దశలవారీగా హాల్‌మార్కును తప్పనిసరి చేస్తూ వచ్చారు. నగ లోపలి వైపు మూడు గుర్తులు ఉండాలి. భారతీయ ప్రమాణాల సంస్థ ముద్ర ఒకటి. ఇరవై రెండు క్యారట్లకు 916 అన్న అంకె రెండోది. అంకెలూ అక్షరాలూ కలిసిన ఆరు స్థానాల సంఖ్య మూడోది. ఈ సంఖ్య ఏ రెండు నగలకూ ఒకటిగా ఉండదు. ఆ సంస్థ వారి బి.ఐ.ఎస్. కేర్ యాప్‌లో దానిని కొట్టి చూస్తే నగ వివరాలు తెలుస్తాయి. కంటికి ఆనని సన్న అక్షరాలు కనుక భూతద్దం అడగండి, అంగడివారు ఇస్తారు.