పొగ చెప్పే జాతకం

కోల్‌కతా దగ్గర ఉత్తరపారాలో 1957 నుంచి 2014 దాకా తయారైన అంబాసిడర్ కారుకు ఓ సుగుణం ఉండేది. తన జబ్బు తానే చెప్పుకునేది! మెకానిక్కు ముందు పొగగొట్టం వంక చూసేవాడు. నల్లపొగైతే పెట్రోలు ఎక్కువవుతోంది, కార్బురేటరు సర్దితే సరి. ఆగకుండా తెల్లపొగైతే రేడియేటరు నీళ్లు ఇంజనులోకి దిగుతున్నట్టు.

నీలిపొగ కనిపిస్తే మాత్రం ఇంటాయన మొహం వాడిపోయేది. ఇంజనాయిలు కాలిపోతోందన్నమాట. అయినా ఆశ చావదుగా! పొద్దున్నే స్టార్టు చేయగానే కాస్త వచ్చి ఆగిపోతే, వాల్వుల సందుల్లోంచి రాత్రి ఆయిలు జారిందనుకోవచ్చు. ఆ ఖర్చు తట్టుకోవచ్చు. ఎత్తెక్కేటప్పుడు గుప్పున వదిలితే పిస్టను రింగులు అరిగినట్టే. సిలిండర్లు కూడా అరిగితే రీబోరు తప్పదు. ఆయన చూపు ఇల్లాలి గాజులమీదికి మళ్లేది అప్పుడే!

కొందరు ఘనులు చిక్కటి ఆయిలు పోసి, పొగ అణచి, కారు అమ్మేసేవారు. అందుకే తెలిసినవాళ్లు బేరానికి తెల్లారగానే, ఇంజను చల్లగా ఉండగానే వెళ్లేవారు.