మరిగే నీటికి చావని క్రిమి

ఏటిచేప పట్టిన కొద్దిసేపటికే చెడిపోవును. పూర్వులు దానిని ఎండబెట్టియో, ఉప్పువేసియో నిలువచేసెడివారు. 1810లో ఫ్రాన్సు దేశపు మిఠాయి వ్యాపారి నికొలా అపేర్ మరియొక మార్గము వెల్లడించెను. ఆహారమును సీసాలో నింపి, బిరడా బిగించి, మరిగే నీటిలో ఉంచవలెను. ప్రభుత్వము ఆయనకు 12,000 ఫ్రాంకులు బహూకరించినది. చిత్రమేమనగా, ఆ ఆహారము ఏల చెడదో ఆయనకే తెలియదు! సూక్ష్మజీవులే కారణమని పాశ్చర్ చూపుటకు మరి అర్ధ శతాబ్దము పట్టినది.

అప్పటికిని చిక్కు తీరలేదు. 1895లో బెల్జియములోని ఎలెజెల్ గ్రామమున అంత్యక్రియలకు వచ్చిన వాద్యగాండ్రు ఉప్పులో ఊరిన పందిమాంసము తిని జబ్బుపడిరి, ముగ్గురు మరణించిరి. వాన్ ఎర్మెంజెమ్ అను శాస్త్రజ్ఞుడు ఆ మాంసములో బొట్యులినమ్ క్రిమిని కనుగొనెను. గాలి తగలని చోటనే అది పెరుగును. బిగించిన సీసా దానికి పుట్టినిల్లే! దాని సిద్ధబీజములు చెరువుల బురదలోను ఉండును. అచటినుండి చేపలకు చేరును. వానిలో కొన్ని 100 డిగ్రీల సెంటీగ్రేడు వద్ద గంటలకొలది మరిగించినను చావవు. తరువాత మొలకెత్తి విషము పుట్టించును. వాసన మారకపోవచ్చును.

చేపలో పులుపు లేదు. కావున సీసాలలో నిలువచేయుటకు ఆవిరి ఒత్తిడితో సుమారు 116 డిగ్రీల వేడి కావలెను. పైంటు సీసాకు 100 నిమిషములని అమెరికా వ్యవసాయశాఖ నిర్ణయించినది. వంటింటి చిన్న కుక్కరు ఇందుకు పనికిరాదు. వెనిగరులో ఊరవేయుట వేరు పద్ధతి: పి.హెచ్. 4.6కు దిగువనున్నచో ఆ సిద్ధబీజములు మొలకెత్తవు. అట్టి చేపనైనను రిఫ్రిజిరేటరులోనే ఉంచవలెను.