తప్పులు చేయించిన కంప్యూటరు

ఎంట్రన్సు పరీక్షకు నెల రోజులే ఉందనుకోండి. ఇవాళ మీరు ఏ అధ్యాయం తెరుస్తారు? చాలామంది బాగా వచ్చిన అధ్యాయమే తెరుస్తారు. లెక్కలు చకచకా తేలిపోతాయి, చదివామన్న తృప్తి మిగులుతుంది. రాని అధ్యాయం రేపటికి వాయిదా పడుతుంది, రేపు ఎల్లుండికి.

ఏది సాధన చేయాలో విద్యార్థికి బదులు యంత్రం తేల్చడం ఈనాటి ఫోన్లతో మొదలైంది కాదు. 1920లలోనే అమెరికాలోని ఒహాయో స్టేట్ యూనివర్సిటీలో సిడ్నీ ప్రెస్సీ ప్రశ్నలడిగే యంత్రం ఒకటి తయారుచేశాడు. సరైన మీట నొక్కితేనే తర్వాతి ప్రశ్న వచ్చేది. 1927 నాటి యంత్రమైతే, వరుసగా రెండుసార్లు సరిగ్గా జవాబు చెప్పిన ప్రశ్నను ఇక అడిగేది కాదు. 1972లో సెబాస్టియన్ లైట్నర్ అనే జర్మన్ భాషా రచయిత ఈ పనికి యంత్రమెందుకు, గదులున్న అట్టపెట్టె చాలన్నాడు. జవాబు వచ్చిన కార్డు వెనక గదికి పోతుంది, తప్పినది మొదటి గదికి తిరిగొస్తుంది. వెనక గదులను అరుదుగా తీస్తారు.

అదే 1972లో స్టాన్‌ఫర్డ్ యూనివర్సిటీ మనస్తత్వ శాస్త్రవేత్త రిచర్డ్ అట్కిన్సన్ ప్రచురించిన ప్రయోగం దగ్గర కాస్త ఆగుదాం. నేర్చుకోవలసినవి 84 జర్మన్ మాటలకు ఇంగ్లీషు అర్థాలు. నేర్పేది కంప్యూటరు. ఒక జట్టుకు మాటలు ఏ వరుసా లేకుండా వచ్చాయి. ఇంకో జట్టు ఏ మాట సాధన చేయాలో తానే ఎంచుకుంది. మరో జట్టుకు కంప్యూటరు ఎంచింది. ఎలాగంటారా? ప్రతి మాటా మనసులో మూడు స్థితుల్లో ఒకదానిలో ఉంటుందని అట్కిన్సన్ ఊహ: అసలు రాలేదు, తాత్కాలికంగా వచ్చింది, స్థిరపడింది. తాత్కాలికంగా వచ్చింది మరో మాట నేర్చేలోగా జారిపోవచ్చు. మాటల కష్టం కూడా ఒక్కటి కాదు. విద్యార్థి అంతవరకు చెప్పిన జవాబులను బట్టి, ఇప్పుడు అడిగితే ఏ మాట స్థిరపడే అవకాశం ఎక్కువో కంప్యూటరు లెక్కగట్టి దాన్నే అడిగేది.

నేర్పుతున్నంతసేపూ ఈ జట్టుదే వెనకబాటు. రాని మాటలే అడుగుతుంటే తప్పులు రాకేం చేస్తాయి! వారం తర్వాత పరీక్ష పెడితే వరుస తిరగబడింది. వరుస లేకుండా నేర్చినవారికి 38 శాతం, సొంతంగా ఎంచుకున్నవారికి 58, కంప్యూటరు ఎంచినవారికి 79. అలాగని విద్యార్థి ఎంపికను తీసిపారేయకండి. మాటలన్నిటి కష్టమూ ఒకటేననుకుని లెక్కగట్టిన మరో కంప్యూటరు పద్ధతికి దక్కింది 54 శాతమే. మన లోపం మనకు కొంతైనా తెలుస్తుందన్నమాట.

1995లో కార్నెగీ మెలన్ యూనివర్సిటీకి చెందిన ఆల్బర్ట్ కార్బెట్, జాన్ ఆండర్సన్ విడివిడి మాటల బదులు నైపుణ్యాలకు ఇలాంటి లెక్కనే ప్రచురించారు. ‘మీరు ఈ అంశంలో బలహీనం’ అని చెప్పే ప్రోగ్రాముల్లో చాలావాటికి మూలం ఈ ఆలోచనలే.

అట్కిన్సన్ 1995లో కాలిఫోర్నియా యూనివర్సిటీ అధ్యక్షుడయ్యాడు. ఒకసారి ఒక పాఠశాలకు వెళితే, పన్నెండేళ్ల పిల్లలు ఎప్పుడో రాయబోయే శాట్ పరీక్ష కోసం మాటల పోలికలు వల్లిస్తూ కనిపించారు. అవి నెలకు ఎన్నో గంటలు మింగుతున్నాయని తెలిసింది. సాధనను పదునుపెట్టే లెక్క కనిపెట్టిన మనిషే, 2001లో తన యూనివర్సిటీ ప్రవేశాలకు శాట్‌లోని ఆ ప్రధాన పరీక్షను ఇక అడగవద్దని ప్రతిపాదించాడు. 2005లో శాట్‌ను సవరించినప్పుడు ఆ పోలికల ప్రశ్నలను తీసేశారు.