కరవు నేర్పిన సాయం

సాయం చేయాలన్న మనసు మన సీమవారికి ఏనాడూ కొరవడలేదు. 1866 కరవులో గాదెలు తెరచి వేలమంది ఆకలి తీర్చిన ఉయ్యాలవాడ బుడ్డా వెంగళరెడ్డిని ప్రజలు పాటలు కట్టి పాడుకున్నారు. అయితే మంచి మనసు ఒక్కటి ఉంటే సాయం ఫలిస్తుందా? అందవలసిన వానికి, అందవలసిన వేళకు, అవసరమైన రూపంలో అందుతుందా? ఈ ప్రశ్నకు రాయలసీమ చరిత్రలో సమాధానం ఉన్నది. ఆ సమాధానం కోసం మన పూర్వులు చెల్లించిన మూల్యం మాత్రం చాల గొప్పది.

గుత్తికీ అనంతపురానికీ నడుమ, పెన్న ఒడ్డున ఉన్నది పామిడి. పేరుకు నది ఒడ్డే గాని, ఏడాదిలో చాల నెలలు ఆ నదిలో కనిపించేది ఇసుకే. జిల్లాలో సగటు వర్షపాతం 550 మిల్లీమీటర్ల దరిదాపు. అదైనా వేళకు పడుతుందన్న నమ్మకం లేదు. ధాత సంవత్సరంలో, అంటే 1876లో, ముంగారు తప్పింది. హింగారి కూడ మొగం చాటేసింది. అప్పటికి అనంతపురం జిల్లా ఏర్పడలేదు. అది 1882లో ఏర్పడినది. పామిడి, గుత్తి ప్రాంతమంతా నాడు బళ్ళారి జిల్లాలో ఉండేది. మదరాసు రాజధానిలో ఆ కరవు మిక్కిలి కఠినంగా విరుచుకుపడిన జిల్లాలలో బళ్ళారి ఒకటి.

గమనించదగిన విషయం ఒకటున్నది. గుత్తి మీదుగా రైలుదారి అప్పటికే పడినది. రైలుమీద ధాన్యం వచ్చింది కూడ. కాని పంట పోయిన రైతు చేతిలో, పని పోయిన కూలి చేతిలో దానిని కొనే పైకం లేదు. బట్ట కొనేవారు లేక నేతగాని మగ్గం నిలిచిపోయింది. రంగులద్దేవానికి పని లేకపోయింది. కరవు ఒక్కటే అయినా, ఒక్కొక్క గడపలో దాని రూపం ఒక్కొక్కటి.

ఈ భేదాన్ని దొరతనం మొదట గుర్తించలేదు. 1877 ఆరంభంలో ఇండియా ప్రభుత్వం పంపగా వచ్చిన సర్ రిచర్డ్ టెంపుల్ దృష్టి ఖర్చు తగ్గించటంపైన నిలిచింది. సహాయపు పనులలో మట్టి మోసే మనిషికి రోజుకు ఒక పౌను ధాన్యం, దానిపై స్వల్ప పైకం చాలునని ఆయన నిర్ణయించారు. నిజంగా ఆకలిగొన్నవాడే వస్తాడన్న తలంపుతో పనులను ఇండ్లకు దూరంగా పెట్టటం మేలని భావించారు. కాని నిజంగా ఆకలిగొన్నవానికి అంత దూరం నడిచే సత్తువ ఎక్కడిది? మదరాసు ఆరోగ్యశాఖ కమిషనరు డాక్టర్ కార్నిష్ ఈ కొలతను గట్టిగా ఎదిరించారు. ఆయన వాదానికి ఆధారం శిబిరాలలోని మనుషుల శరీరస్థితి, అక్కడి మరణాల లెక్క. ఆ ఏడే కూలిరేటును పెంచక తప్పలేదు. ఆలోగా జరిగిన నష్టం పూడలేదు. 1871, 1881 జనాభా లెక్కలను పోల్చిచూస్తే బళ్ళారి జిల్లాలో దాదాపు ఐదింట ఒకవంతు జనం తగ్గారు.

1877 ఆగస్టులో లండన్ నగర మేయరు ఆధ్వర్యాన మాన్షన్ హౌస్ నిధి ప్రారంభమైనది. అన్ని విరాళాలూ కలిసి డెబ్బది లక్షల రూపాయలకు మించాయి. ఆ నిధిని పంచే మదరాసు సంఘానికి పత్రికా సంపాదకుడు విలియం డిగ్బీ గౌరవ కార్యదర్శి. ఆ కృషి చరిత్రను ఆయనే తరువాత రెండు సంపుటాలుగా వ్రాశారు. జిల్లాలలో స్థానిక సంఘాలు ఏర్పడినవి. అధికారులతోపాటు మతబోధకులు, వర్తకులు, ఊరి పెద్దలు వాటిలో పనిచేశారు. సర్కారు చేస్తున్న పనినే మరల చేయక, సర్కారు చేయి అందని చోటు ఏదని వారు వెదికారు. శిబిరానికి పోవటానికి అభిమానపడి ఇంటిలోనే కృశించేవారు, అనాథ శిశువులు, కట్టుగుడ్డ లేనివారు, ఇంటికప్పు అమ్ముకొని తిన్నవారు వారి కంటబడ్డారు. వాన కురిసిన పిమ్మట రైతుకు గంజికన్న విత్తనాలూ ఎద్దులూ ముఖ్యమని గ్రహించి, అందుకు పైకం ఇచ్చారు. వాన పడిన వారంలో గుప్పెడు విత్తనాలు అందిన రైతు మరుసటి ఏడు ఎవరినీ యాచించనక్కరలేదు.

ఆ పంపకంలో లోపాలు లేవనరాదు. దూరాన ఉన్న దాతకు ఊరు తెలియదు. ఊరు తెలిసినవానికి తనవారనే పక్షపాతం ఉండవచ్చు. కనుకనే గడప గడపకూ పోయి చూడటం, పట్టిక వ్రాయటం, వ్రాసినదాన్ని మరొకరు సరిచూడటం అవసరమైనవి. 1880లో కరవు కమిషను తన నివేదిక ఇచ్చింది. 1883లో కరవు నిబంధనావళి వెలువడినది. పనిచేయగలవానికి పని, చేయలేనివానికి ఊరిలోనే ఉచిత సహాయం అన్న విభజన అందులో స్థిరపడినది. నేతగానికి అతని మగ్గంమీదనే పని కల్పించే పద్ధతి కూడ తరువాతి కరవులలో ఆచరణకు వచ్చింది.

ఈనాడు పామిడి బట్టల వ్యాపారానికి పేరుపడ్డ ఊరు. ధాత కరవు ఎవరి జ్ఞాపకంలోనూ లేదు. అయినా సాయమడిగేవారు, సాయపడేవారు అన్ని కాలాలలోనూ ఉంటారు. పొరుగువాడు పంట తెగులు గురించి అడిగినా, పింఛను కాగితం పట్టుకొని వచ్చినా, మనకు తెలిసిన జవాబు నోటికి వచ్చేస్తుంది. ఒక్క నిమిషం ఆగి, అతనికి కావలసినది ఏమిటో ముందుగా అతని నోటనే వినాలి. అప్పటికే ఎవరేమి చేశారో తెలుసుకోవాలి. తెలియనిది తెలియదని చెప్పి, తెలిసినవారి వద్దకు దారి చూపాలి. చేసిన సాయం పనికివచ్చిందా అని నాలుగు రోజులకు మరల విచారించాలి. అన్నిటికీ మించి, అడిగినవాడు తలవంచుకోవలసిన అవసరం లేకుండ చూడాలి.

ఇంటిలో కృశించిన ఆ అభిమానవంతుల తలుపు ఎవరో ఒకరు తట్టారు. అందువల్ల కొందరైనా బ్రతికారు.